తెలిసీ జవాబు చెప్పని పిల్లలు

దైవప్రవక్త (స) ఒకసారి సహచరుల మధ్య కూర్చుని ఒక ప్రశ్న వేశారు. ఆకులు రాలని చెట్టు ఒకటుంది, అది ముస్లింతో పోల్చదగినది, ఏమిటో చెప్పండి అన్నారు. అందరి ఆలోచనలూ అడవి చెట్ల మీదికి పోయాయి. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) అప్పటికి చిన్నవారు. అది ఖర్జూర చెట్టని ఆయన మనసుకు తట్టింది. కాని పెద్దల ముందు నోరు తెరవటానికి సిగ్గుపడి ఊరుకున్నారు. చివరికి ప్రవక్త (స) వారే జవాబు చెప్పారు. ఈ సంగతి తర్వాత తెలిసిన తండ్రి హజ్రత్ ఉమర్ (రజి), నువ్వు ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నాకెంతో సంతోషంగా ఉండేదన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) దీన్ని తమ గ్రంథంలో జ్ఞాన ప్రకరణంలో చేర్చారు. ఎదుటివారికి ఎంత తెలుసో పరీక్షించటానికి ప్రశ్న వేయటం అనే శీర్షిక కింద పెట్టారు.

ఈ హదీసును మేము ఎన్నోసార్లు చదివాం, పిల్లల చేత చదివించాం. ఆ సభలో మార్కులు వేసేవారుంటే ఇబ్నె ఉమర్ (రజి)కు సున్నా వచ్చేదన్న ఆలోచన మాత్రం 2024లో పదో తరగతి ఫలితాలు చూసిన రోజునే కలిగింది.

ఆ సంవత్సరం రాష్ట్రంలో 86.69 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. కర్నూలు జిల్లాలో 62.47 శాతం. అన్ని జిల్లాల్లోకీ ఆఖరి స్థానం మనదే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయ్యాక మిగిలిన జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలదే పెద్ద వాటా. ఉమ్మడి జిల్లా సగటు చాటున ఇన్నాళ్లూ దాగి ఉన్న పడమటి మండలాలు అప్పుడు బయటికి కనిపించాయి. పిల్లలు వాళ్లే, గీత మారింది.

తప్పినవారిలో మాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. ఎమ్మిగనూరు దగ్గరి పల్లె, ఉర్దూ మీడియం. పత్తి తీసే రోజుల్లో తల్లితో చేనుకు వెళుతుంది. కిలోకు 12 రూపాయల చొప్పున 43 కిలోలకు ఎంత అని మేస్త్రీ లెక్క వేసేలోపే 516 అంటుంది. రెండు కిలోలు తరుగు తీస్తే 492 అని వెంటనే చెబుతుంది. ఆమె తప్పింది లెక్కల్లోనే! పదో తరగతి లెక్కలంటే గుణకారాలు మాత్రమే కావు, నిజమే. త్రికోణమితి చేనులో రాదు, బడిలోనే రావాలి. అయితే బడిలో త్రికోణమితి చెప్పే రోజుల్లో ఆమె ఇంటిల్లిపాదితో పాటు సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోస్తూ ఉంది. మిరప కోతలూ పరీక్షలూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. కాబట్టి ఆ కాగితం కొలిచింది ఆమె తెలివినా, హాజరునా?

భాష సంగతి ఇంకొకటి. ఆకు ఆహారం ఎలా తయారు చేసుకుంటుందని అదే అమ్మాయిని నోటితో అడిగాం. "పత్తా ధూప్ మే ఖానా పకాతా, సర్" అంది. సరైన జవాబే. కాని ఉర్దూ పుస్తకంలో దాని పేరు జియాయీ తాలీఫ్. తెలుగు పిల్లలకేమో కిరణజన్య సంయోగక్రియ. ఇళ్లలో దక్కనీ మాట్లాడే పిల్లకు ఈ రెండూ ఒకటే దూరం. ప్రశ్నలో ఆ మాట చూడగానే ఇది నాకు రాని పాఠమనుకుని వదిలేస్తుంది. మరొక పిల్లవాడు ఆ నిర్వచనాన్ని గైడు చూసి అక్షరం పొల్లుపోకుండా రాస్తాడు. ఆకు ఎండలో ఏం చేస్తుందని అడిగితే మన ముఖం చూస్తాడు. మార్కులు వాడికి వస్తాయి.

మదరసాల్లో ఇలా ఉండదని చెప్పుకోవటం మనకు ఇష్టం. హిఫ్జ్ చేసే పిల్లవాడు రోజూ సబఖ్ వినిపించాలి, పాతది తిరిగి అప్పజెప్పాలి. ఉస్తాద్ ఏ పారాలో ఎక్కడ నుంచి అడిగినా అందుకోవాలి. కాపీకి తావే లేదు. కాని మేమూ ఆ చాపల మీద కూర్చున్నవాళ్లమే గనుక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పరీక్ష కొలిచేది జ్ఞాపకశక్తినీ తజ్వీద్‌నూ. చదివిన ఆయతులో అల్లాహ్ ఏమంటున్నాడో ఆ పిల్లవాడిని ఎవరడిగారు? మమ్మల్నీ ఎవరూ అడగలేదు.

ప్రభుత్వం ఈ లోపం ఎరగదని కాదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల అవగాహనను ఏడాది పొడవునా, అన్ని వైపుల నుంచీ చూడాలంది. ఎలిమెంటరీ విద్య ముగిసేదాకా బోర్డు పరీక్ష వద్దంది. మంచి మాటే. బడిలోకి వచ్చేసరికి అది ఫార్మేటివ్, సమ్మేటివ్ రిజిస్టర్లు నింపటంగా మారింది. స్టేషనరీ దుకాణాల్లో తయారు ప్రాజెక్టులు దొరకసాగాయి. కరోనా వల్ల 2020, 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష మళ్లీ పెట్టిన 2022లో 67.26 శాతమే గట్టెక్కారు. 2024లో అది 86.69 అయింది. రెండేళ్లలో పిల్లల చదువు అంతగా ఎదిగిందా?

అలాగని పరీక్షలు ఎత్తేయాలని మేము అనం. ఆదోని పత్తి మార్కెట్‌లో మూటలు మోసే హమాలీ కూతురు, పేరున్న ఆసామి కొడుకుతో సమానంగా కూర్చునే చోటు అదొక్కటే. పేరు చూడకుండా దిద్దే కాగితం పేదవాడికి చిన్న రక్షణ కాదు. పైగా పరీక్ష లేని చోట ఎవరికీ ఏమీ పట్టదు. ఇళ్లకు వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వేలో, 2022లో దేశం మొత్తం మీద గ్రామీణ ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. ఇది కూడా ఒక పరీక్షే. కాకపోతే ఇందులో తప్పేది పిల్లలు కాదు, మనం.

ఫలితాలు వచ్చిన రోజు ఆ అమ్మాయి తండ్రి, ఇంక చదువు చాలు, సంబంధం చూస్తామన్నారు. మేము ఇబ్నె ఉమర్ (రజి) హదీసు ఆయనకు చెప్పాం. తండ్రి కొడుకును కోప్పడలేదనీ, చెప్పి ఉంటే బాగుండేదని మాత్రమే అన్నారనీ కూడా చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టటానికి ఆఖరు తేదీ ఎప్పుడని అడిగారు.

మే నెలంతా ఆ అమ్మాయి అస్ర్ తర్వాత మా ఇంటికి వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుని లెక్కలు చేసింది. మొదట దక్కనీలో చెప్పటం, తర్వాత ఉర్దూలో రాయటం. 41 మార్కులు వచ్చాయి. ఇప్పుడు ఆదోనిలో ఇంటర్ చదువుతోంది. ఆ ఏడాది సుగ్గికి తల్లి ఒక్కతే వెళ్లింది.