ఎక్స్-10 (గృహ దీపాల నియంత్రణ పద్ధతి)

ఎక్స్-10 అనేది ఇంటిలోని దీపాలను, చిన్న విద్యుత్ పరికరాలను ఒక చోట నుండి నియంత్రించడానికి రూపొందించిన సమాచార పద్ధతి. దీనికి ప్రత్యేకమైన తీగలు అవసరం లేదు. గోడలలో అప్పటికే ఉన్న కరెంటు తీగల మీదుగానే నియంత్రకం తన ఆదేశాలను దీపాలకు పంపుతుంది. ఆ తరువాత వచ్చిన పద్ధతులు ఇంతకంటె మెరుగైనవే అయినప్పటికీ, నియంత్రకం దీపంతో ఏ విధంగా మాట్లాడుతుందో తొలిసారి తెలుసుకొనే విద్యార్థికి ఎక్స్-10 అంత సులభంగా బోధపడేది మరొకటి లేదు. ఇందులోని ఆదేశాన్ని కాగితంపై అంకెలుగా వ్రాసి చూసుకోవచ్చు.

చరిత్ర

స్కాట్లాండులోని గ్లెన్‌రోథెస్ పట్టణానికి చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ 1975లో ఈ పని మొదలుపెట్టింది. ఆ సంస్థ అంతకుముందు ప్రధానంగా కాలిక్యులేటర్ల చిప్పులు తయారుచేసేది. ఇది వారి పదవ ప్రయోగం కావడం వలన ఎక్స్-10 అనే పేరు వచ్చింది. రికార్డు ప్లేయర్లు తయారుచేసే బి.ఎస్.ఆర్. సంస్థతో కలిసి 1978లో అమెరికా విపణిలో విడుదల చేశారు.

సంకేతం ప్రయాణించే విధానం

ఇళ్ళకు వచ్చే విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు. దాని వోల్టేజి ధన దిశలో పెరిగి, తగ్గి, సున్నాకు చేరి, పిదప ఋణ దిశకు మారుతుంది. అమెరికాలో సెకనుకు 60 ఆవృత్తులు, భారతదేశంలో 50 ఆవృత్తులు. ప్రతి ఆవృత్తిలోను వోల్టేజి రెండు సార్లు సున్నాను దాటుతుంది. ఎక్స్-10 నియంత్రకం సరిగ్గా ఈ క్షణాన్ని పట్టుకొని, 120 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం గల చిన్న సంకేతాన్ని ఒక మిల్లీసెకను పాటు తీగలోకి వదులుతుంది. ఇంటిలోని పరికరాలన్నింటికీ ఈ సున్నా క్షణం ఒకేసారి తెలుస్తుంది కనుక వేరే గడియారం అక్కరలేదు. ఎప్పుడు పలకాలో నియంత్రకానికి, ఎప్పుడు చెవి ఒగ్గాలో దీపానికి కరెంటే చెబుతుంది.

ఒక సున్నా క్షణంలో సంకేతం ఉండి, తరువాతి దానిలో లేకపోతే దానిని 1 అని చదవాలి. మొదట లేకుండా తరువాత ఉంటే 0. ఈ నియమం ప్రకారం సంకేతం వరుసగా మూడు సార్లు రావడం ఎన్నటికీ జరగదు. అందుచేతనే ప్రతి సందేశానికి ముందు మూడు సంకేతాలు, ఒక మౌనం, అనగా 1110, పంపుతారు. అది వినగానే పరికరాలన్నీ సందేశం మొదలయిందని గ్రహిస్తాయి.

చిరునామా, ఆదేశం

ప్రతి దీపానికి ఒక చిరునామా ఉంటుంది. 'ఎ' నుండి 'పి' వరకు 16 అక్షరాలలో ఒకటి హౌస్ కోడ్, 1 నుండి 16 వరకు గల అంకెలలో ఒకటి యూనిట్ కోడ్. మొత్తం 256 చిరునామాలు. పాత మాడ్యూళ్ళలో వీటిని చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పి అమర్చుకొనే వీలుండేది.

ఉదాహరణకు 'ఎ-1' దీపాన్ని వెలిగించాలంటే నియంత్రకం మొదట 1110, తరువాత 'ఎ' అక్షరానికి 0110, ఒకటవ సంఖ్యకు 01100 పంపుతుంది. కొద్ది విరామం తరువాత మళ్ళీ 1110, 0110 పంపి, 'వెలుగు' అనే ఆదేశానికి 00101 చేరుస్తుంది. చివరి అయిదు అంకెలలో ఆఖరిది 0 అయితే అది యూనిట్ సంఖ్య, 1 అయితే ఆదేశం. అక్షరాల సంకేతాలు వరుస క్రమంలో ఉండవు కనుక పట్టిక చూసుకోవలసిందే. ప్రతి భాగాన్నీ రెండేసి సార్లు పలుకుతారు. మొత్తం 47 ఆవృత్తులు పడుతుంది, అనగా 60 హెర్ట్జ్ వద్ద సుమారు 0.78 సెకను, 50 హెర్ట్జ్ వద్ద 0.94 సెకను. మీట నొక్కిన తరువాత దీపం కొంచెం ఆలోచించి వెలిగినట్లు కనిపించడానికి కారణం ఇదే.

దీపపు మాడ్యూలులోని ట్రయాక్ అనే భాగం కాంతిని హెచ్చించగలదు, తగ్గించగలదు. ఇది ఫిలమెంటు బల్బులకు ఉద్దేశించినది. సి.ఎఫ్.ఎల్., ఎల్.ఇ.డి. బల్బులు దీనితో మిణుకుమిణుకుమనవచ్చు.

లోపాలు

తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పట్టికలోని సంఖ్యను పిలిచినప్పుడు పిల్లవాడు 'ప్రెజెంట్ సార్' అంటాడు. ఎక్స్-10 లోని సాధారణ దీపపు మాడ్యూలు ఆ జవాబు ఇవ్వదు. నియంత్రకం పిలిచి ఊరుకుంటుంది. దీపం వినకపోయినా, వెలిగిందనే లెక్క వేసుకుంటుంది. రాత్రివేళ మెట్ల మీది దీపం వెలగవలసిన ఇంటిలో ఇది చిన్న విషయం కాదు. స్థితిని అడిగితే చెప్పగల మాడ్యూళ్ళు తరువాత వచ్చాయి కాని, పాత ఇళ్ళలో అధికభాగం మూగవే.

దీపం వినకపోవడానికి కారణాలు చాలావరకు తీగలలోనే ఉంటాయి. అమెరికా ఇళ్ళకు కరెంటు రెండు పాయలుగా వస్తుంది. నియంత్రకం ఒక పాయలో, దీపం మరొక పాయలో ఉంటే, సంకేతం బయటి ట్రాన్స్‌ఫార్మరు వరకు పోయి తిరిగి రావాలి. ఆసరికి అది నీరసపడుతుంది. రెండు పాయలకూ కలిపి పనిచేసే విద్యుత్ పొయ్యి వెలిగించినప్పుడు మాత్రమే దీపం మాట వినడం అక్కడి వారికి అనుభవమే, ఎందుకంటే ఆ పొయ్యి గుండా సంకేతం అవతలి పాయకు దాటిపోతుంది. దీనికి సరైన మందు రెండు పాయలను కలిపే కప్లర్. దానిని మెయిన్ బోర్డులో అర్హత గల ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించాలి.

మరొక చిక్కు కంప్యూటర్లు, టెలివిజన్లది. వాటి లోపల ఉండే వడపోత కెపాసిటర్లు 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని కూడా చెత్త కింద జమకట్టి మింగివేస్తాయి. అటువంటి పరికరానికి, సాకెట్టుకు మధ్య ఒక ఫిల్టరు ఉంచితే సరిపోతుంది. దోషం ఎక్కడున్నదో తెలియనప్పుడు ప్లగ్గులు ఒక్కొక్కటిగా ఊడదీసి పరీక్షించడం మంచి పద్ధతి.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీది పొరుగువారు కూడా 'ఎ' అక్షరమే వాడితే వారి మీటకు వీరి దీపం వెలుగుతుంది. సందేశంలో రహస్యం గాని, పంపినదెవరనే గుర్తు గాని లేవు.

తరువాతి పద్ధతులు

2005లో వచ్చిన ఇన్‌స్టియాన్ కరెంటు తీగతో పాటు రేడియో తరంగాలను కూడా వాడుతుంది. అందులో దీపం జవాబు ఇస్తుంది, జవాబు రాకపోతే సందేశాన్ని తిరిగి పంపుతారు. తొలి ఇన్‌స్టియాన్ పరికరాలు ఎక్స్-10 భాషను కూడా అర్థం చేసుకొనేవి. జీ-వేవ్, జిగ్‌బీ పద్ధతులు కేవలం రేడియో మీద నడుస్తాయి. వాటిలోనూ జవాబు ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఫోనుతో నడిపే వారి ఆదేశాలు ఇంటికి చేరలేదు. గోడ మీది స్విచ్చిలు, దీపాలు మాత్రం తమలో తాము మాట్లాడుకుంటూనే ఉన్నాయి. అదే సంవత్సరం జూన్‌లో వినియోగదారుల బృందమొకటి ఆ సంస్థను కొని సర్వర్లను పునరుద్ధరించింది.