క్రిప్టో నాణెము అనగానేమి?
చేనేత కుటుంబములు తెలుసుకొనదగిన కొన్ని సంగతులు

కొంతకాలముగా మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు నూలు ధర, రంగుల ధర అడిగిన పిమ్మట మరొక ప్రశ్న కూడ అడుగుచున్నారు. "అయ్యా, ఈ క్రిప్టో అనేది ఏమిటి? అందులో డబ్బు వేయవచ్చునా?"

మొన్న ఒక తండ్రీ కొడుకు కలసి వచ్చినారు. తండ్రి సంచిలో నూలు కొనుటకు తెచ్చిన నలుబది వేల రూపాయలున్నవి. కొడుకు చేతిలోని సెల్‌ఫోనులో రాయదుర్గము బంధువు పంపిన సందేశమున్నది. "నాయనా, నూలు వచ్చే నెల కొందాము. ఈలోగా ఇందులో వేస్తే డబ్బు పెరిగి వస్తుంది" అని కొడుకు. "ముందు అది ఏమిటో తెలియనీరా" అని తండ్రి. తండ్రి మాట సబబైనది. తెలియని సరుకును మనము సంతలో కొనము గదా. ఆనాడు వారికి చెప్పిన సంగతులనే, మరి కొంత చేర్చి, ఇచ్చట అందరి కొరకు వ్రాయుచున్నాము.

విలువ ఎక్కడిది?

మన బళ్ళారి సీమకు నాణెములు క్రొత్త కాదు. హంపి నుండి ఏలిన విజయనగర రాజులు బంగారు వరహాలు ముద్రించినారు. వరహా విలువ దానిలోని బంగారములోనే ఉండెను. షరాబు దానిని గీటి చూచి, తూచి, మంచి చెడ్డలు చెప్పెడివాడు. నేటి రూపాయి నోటు కాగితమే. అయినను దాని వెనుక రిజర్వు బ్యాంకు హామీ ఉన్నది. బాకీ తీర్చుటకు ఆ నోటు చెల్లునని చట్టము చెప్పుచున్నది.

బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణెమునకు బంగారము లేదు, ప్రభుత్వ హామీయు లేదు. చేతితో పట్టుకొనుటకు బిళ్ళ కూడ లేదు. మరి ఉన్నదేమి? ఒక లెక్కల పుస్తకము. ఈ ఒక్క మాట బోధపడినచో సగము సంగతి తెలిసినట్లే.

అందరి ఇండ్లలోను ఉండు ఖాతా

షావుకారు దగ్గర నూలు తెచ్చుకొని మజూరీకి నేయువారికి ఖాతా పుస్తకము బాగుగా తెలియును. ఎన్ని చిలపల నూలు ఇచ్చినది, ఎన్ని చీరలు వచ్చినది, ఎంత బాకీ ఉన్నది, అంతయు అందులో ఉండును. పుస్తకము షావుకారు ఇంట ఉండును, వ్రాయుట అతని చేతిలోనే ఉండును. తగవు వచ్చినప్పుడు నేతగాని నోటి మాట కంటె ఆ పుస్తకమే నిలుచును.

ఇప్పుడు అదే ఖాతా ఊరిలోని ప్రతి మగ్గపు ఇంటను ఒక్కొక్క ప్రతి ఉన్నదనుకొనుడు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినను అన్ని ప్రతులలోను ఒకేసారి ఎక్కును. ఒకడు రాత్రివేళ తన ప్రతిలో అంకె దిద్దుకొన్నను, మిగిలిన ఇండ్ల ప్రతులు వానిని పట్టిచ్చును. బిట్‌కాయిన్ ఏర్పాటు ఇట్టిదే. ఇండ్లకు బదులు ప్రపంచమంతట వేలకొలది కంప్యూటర్లు ఆ ప్రతులను ఉంచుకొనును.

ఈ ఏర్పాటును వివరించు పత్రమును 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను పేరుతో ప్రకటించినారు. ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో నేటికిని తేలలేదు. ఖాతాలో మొదటి పుట 2009 జనవరి 3న పడినది. పుటను బ్లాకు అనియు, పుటలన్నియు కలిసిన పుస్తకమును బ్లాక్‌చైన్ అనియు అందురు. సుమారు పది నిమిషములకు ఒక పుట చేరును.

ప్రతి పుటకు, అందులోని అక్షరములన్నిటిని బట్టి గణితముతో తీసిన ముద్ర ఒకటి ఉండును. ఆ ముద్రను తరువాతి పుట తలమీద కూడ వ్రాయుదురు. పాత పుటలో ఒక అంకె మార్చిన దాని ముద్ర మారును, దాని వెంట తరువాతి పుటలన్నియు తప్పిపోవును. పడుగులో ఒక పోగు రంగు మారినచో చీర కొసవరకు ఆ గీత కనబడును గదా. ఇదియు అట్లే.

క్రొత్త నాణెములు పుట్టు విధము

తరువాతి పుట ఎవరు వ్రాయవలెను? ఈ పనికి పూనుకొన్న కంప్యూటర్లు ఒక కఠినమైన లెక్కకు జవాబు వెదకును. ముందుగా జవాబు దొరికినవారికి పుట చేర్చు హక్కును, కూలిగా క్రొత్త నాణెములును లభించును. దీనినే మైనింగు అందురు. మొదట పుటకు 50 నాణెముల కూలి ఉండెను. ప్రతి 2,10,000 పుటలకు, అనగా సుమారు నాలుగేండ్లకు ఒకమారు, అది సగమగును. 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగినది. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించకుండ నియమము కలదు. ఒక నాణెమును పది కోట్ల భాగములు చేయవచ్చును గనుక వంద రూపాయలకు కూడ తునక కొనవచ్చును.

ఈ లెక్క చేయుటకు ప్రత్యేక యంత్రములు, విస్తారమైన విద్యుత్తు కావలెను. కావున సెల్‌ఫోనులో మీట నొక్కుచు కూర్చున్నచో బిట్‌కాయిన్ పుట్టునని ఎవరైన చెప్పిన నమ్మరాదు.

బిట్‌కాయిన్ ఒక్కటే గాక వేలకొలది ఇతర నాణెములు కలవు. వానిలో అనేకము ఎవరో ఒకరు తమ ఇష్టము వచ్చిన పేరుతో, ఇష్టము వచ్చినన్ని సృష్టించినవే. బిట్‌కాయిన్‌కున్న పరిమితి వాటన్నిటికిని ఉన్నదని తలచుట పొరపాటు.

ధర ఎక్కుట, దిగుట

చీర అమ్ముడుపోకున్నను కట్టుకొనుటకు పనికివచ్చును. క్రిప్టో నాణెము విలువ, దానిని రేపు మరొకరు కొందురన్న నమ్మకము మీద నిలిచియున్నది. నమ్మకము పెరిగిన ధర ఎక్కును, తగ్గిన పడిపోవును. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ సుమారు 69 వేల డాలర్లు పలికినది. సరిగా ఏడాదికి, 2022 నవంబరులో, 16 వేల డాలర్లకు లోపలికి దిగినది. శిఖరము మీద పదివేల రూపాయలు పెట్టినవానికి సుమారు రెండున్నర వేలు మిగిలినవి. మరల 2025 అక్టోబరులో లక్షా ఇరవై వేల డాలర్లు దాటినది. అనగా మూడేండ్లు నష్టము భరించి కదలక కూర్చున్నవానికి లాభమే వచ్చినది.

ఇచ్చటనే మన సోదరులు నిలిచి ఆలోచింపవలెను. మూడేండ్లు కదలక కూర్చుండగల ధనము ఎవరి వద్ద ఉన్నది? మన నూలు డబ్బునకు గడువు కలదు. ఈ పడుగు దిగులోపల మరుసటి పడుగునకు నూలు ఇంటికి రావలెను. నాణెము ధర దిగిన నెలలోనే నూలు కొనవలసివచ్చిన, నష్టమునకు అమ్ముకొనుట గాని, మగ్గము నిలుపుట గాని తప్పదు. ధనవంతునకు వేచియుండుట ఒక ఉపాయము. మగ్గము నిలిచిన ఇంటికి అట్టి ఉపాయము లేదు. మేము ఆ తండ్రికి చెప్పిన ముఖ్యమైన మాట ఇదే.

చట్టము, పన్ను

మన దేశములో క్రిప్టో నాణెము కొనుట నేరము కాదు. అయితే అది చెలామణి నాణెమును కాదు. అంగడివాడు దానిని తీసికొని తీరవలెనన్న నియమము లేదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, ఈ వ్యాపారమునకు సేవ చేయరాదని బ్యాంకులకు ఉత్తరువిచ్చినది. 2020 మార్చి 4న సుప్రీం కోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. 2023 మార్చిలో క్రిప్టో వ్యాపార సంస్థలను అక్రమ ధన చెలామణి నిరోధక చట్టము క్రిందికి తెచ్చినారు.

పన్ను విషయము ఏజెంట్లు చెప్పరు గనుక మేము లెక్క వేసి చూపుచున్నాము. 2022 ఏప్రిల్ 1 నుండి లాభము మీద నూటికి 30 పన్ను, ఆ పన్ను మీద నూటికి 4 సెస్సు కలవు. పదివేలకు కొని పదహారు వేలకు అమ్మినారనుకొనుడు. లాభము 6,000. పన్ను 1,800, సెస్సు 72, మొత్తము 1,872 రూపాయలు. అదే ఏడాది మరొక నాణెములో 6,000 పోయినదనుకొనుడు. ఆ నష్టమును ఈ లాభములో తగ్గించుకొనుటకు వీలు లేదు. చేతికి ఒక్క రూపాయి మిగలకున్నను 1,872 కట్టవలసినదే. ఇదిగాక 2022 జూలై 1 నుండి, నియమిత పరిమితి దాటిన అమ్మకములలో, అమ్మిన మొత్తము మీద నూటికి ఒక రూపాయి ముందుగనే పట్టుకొందురు. అది కట్టవలసిన పన్నులో జమయగును.

తాళపుచెవి ఎవరి వద్ద?

ఖాతాలో మన పేరు ఉండదు. రహస్య సంఖ్య ఎవరి వద్ద ఉన్నదో నాణెము వారిదే. ఆ సంఖ్యకు బదులు పన్నెండో, ఇరువదినాలుగో ఇంగ్లీషు మాటల వరుసను వ్రాసికొని దాచుకొందురు. అది పోయినచో నాణెము పోయినట్లే. మేనేజరు వద్దకు పోయి దరఖాస్తు పెట్టుకొనుటకు ఇచ్చట మేనేజరు లేడు. ఆ మాటలు పరుల కంట బడిన నాణెము నిమిషములో తరలిపోవును, తిరిగి రాదు.

అనేకులు ఆ బాధ లేకుండ తమ నాణెములను కొనుగోలు సంస్థ వద్దనే ఉంచుదురు. దానికి తగిన ప్రమాదము దానికున్నది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అను సంస్థ నుండి దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు తరలించుకొనిపోయినారు. ఆ సంస్థలోని ఖాతాదారులు ఏడాదికి పైగా తమ నాణెములను బయటకు తీసికొనలేకపోయినారు. బ్యాంకు మూతబడిన పక్షమున ఐదు లక్షల రూపాయల వరకు డిపాజిట్టునకు బీమా కలదు. క్రిప్టోకు అట్టి బీమా లేదు.

నాణెము వేరు, మోసము వేరు

ఇంతవరకు చెప్పినది నిజమైన నాణెమును గురించి. మన ఇండ్లకు వచ్చు సందేశములలో అనేకము నాణెమును గురించినవే కావు. పాత గొలుసు చీటీ మోసమునకు క్రొత్త పేరు తగిలించినవి. 2015లో ఆరంభమైన గెయిన్‌బిట్‌కాయిన్ అను పథకము, బిట్‌కాయిన్ అప్పగించినవారికి నెలకు నూటికి పది చొప్పున పదునెనిమిది నెలలు ఇత్తుమని ఆశపెట్టినది. పిదప బిట్‌కాయిన్‌కు బదులు ఎంక్యాప్ అను తమ సొంత నాణెమును అంటగట్టినారనియు, దానికి అంత విలువ లేదనియు అభియోగము. సి.బి.ఐ. వారు 2025 ఫిబ్రవరిలో దేశమున అనేక చోట్ల సోదాలు జరిపినారు.

ఇట్టి పథకములు పరాయివాని ద్వారానే గాక, బంధువు ద్వారాను వచ్చును. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారి మైసూరునకును పోయినవి గాని, మన వియ్యములు, కయ్యములు నేటికిని సరిహద్దుకు రెండు వైపుల నడచుచున్నవి. బావ చెప్పినాడు, వియ్యంకుడు చేరినాడు అన్న మాటయే పెట్టుబడికి హామీ అయిపోవుచున్నది. చెప్పినవాడు చెడ్డవాడు కానక్కరలేదు. అతడును మోసపోయినవాడే కావచ్చును. మొదటి నెలలో అతనికి వచ్చిన డబ్బు, వెనుక చేరినవారి డబ్బే అయియుండును.

ఆ కుర్రవాని సెల్‌ఫోనులోని సందేశమును మేము చదివినాము. నెలకు నూటికి పదిహేను, ఇద్దరిని చేర్చిన మరి ఐదు. ఏ నాణెమో, ఎచ్చట కొనుదురో ఒక్క మాట లేదు. దానిని చదివి వినిపించగా కుర్రవాడే తల దించుకొని "మామకు ఫోను చేసి చెప్తాను" అన్నాడు.

గుర్తుంచుకొనదగినవి

రాబడి నిశ్చయమని చెప్పినచో అది మోసమని తెలియుడు. మనుషులను చేర్చిన కమిషను ఇత్తుమన్నను అంతే.

నూలు డబ్బు, షావుకారు అడ్వాన్సు, సంఘపు అప్పు, ఆడపిల్ల పెండ్లికి దాచినది, వీనిని ఇందులో పెట్టరాదు. తెలిసికొను కోరికతో ఎవరైన పెట్టదలచినచో, పూర్తిగా పోయినను మగ్గము ఆగనంత చిన్న మొత్తమే పెట్టవలెను. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగమునందు నమోదైన సంస్థయా కాదా అని ముందుగా విచారించుకొనవలెను.

ఫోను ద్వారా డబ్బు పంపు యుపిఐ క్రిప్టో కాదు. అది మన బ్యాంకులోని రూపాయియే. 2022 డిసెంబరు 1న ప్రజల వాడుకకు ప్రయోగముగా రిజర్వు బ్యాంకు ఆరంభించిన డిజిటల్ రూపాయియు క్రిప్టో కాదు. అది ప్రభుత్వ నాణెమే. ఈ పేర్లు కలిపి చెప్పువారి మాటకు లోబడవద్దు.

మోసపోయితిమని తెలిసిన వెంటనే, సిగ్గుపడి దాచక, 1930 నంబరుకు ఫోను చేయవలెను. సరిహద్దుకు ఈ వైపు వారికిని ఆ వైపు వారికిని అదే నంబరు. ఎంత త్వరగా తెలిపిన, డబ్బు దారిలో నిలుపుటకు అంత అవకాశము.

తండ్రి ఆనాడే నూలు కొనుక్కొని పోయినాడు. కుర్రవాడు మాత్రము వెనుకకు తిరిగి, "ఆ పుటల ముద్ర సంగతి మళ్ళీ ఒకసారి చెప్తారా?" అని అడిగినాడు. అట్లు తెలిసికొనగోరు యువకులకు మా కార్యాలయము తలుపు ఎల్లప్పుడు తెరచియుండును. ఇట్టి సందేశము ఏది వచ్చినను, డబ్బు పంపుటకు ముందే తెచ్చి చూపవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము.