డయాలసిస్ మొదలైంది సరే, కళ్లు చూపించుకున్నారా?

"డయాలసిస్ మీద పడితే కళ్లు పోతాయట కదా?" షుగరు ఉన్నవాళ్లు అడిగే మాట ఇది. ఈ భయంతో ఒకటి రెండు సెషన్లు ఎగ్గొడదామని చూసేవాళ్లూ ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. కిడ్నీలు పనిచేయనప్పుడు సెషన్ ఎగ్గొడితే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణం మీదికే వస్తుంది.

కళ్లను తినేది షుగరు, దానికి తోడు బీపీ. కిడ్నీలో రక్తాన్ని వడగట్టేవి వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు. కంటి వెనక తెరలో, అంటే రెటీనాలో ఉండేవీ అలాంటివే. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే రెండు చోట్లా ఒకేసారి దెబ్బ తగులుతుంది. నాళాలు బలహీనపడి నీరు, రక్తం కారుతాయి, కొన్ని మూసుకుపోతాయి. అప్పుడు రెటీనా మీద కొత్త నాళాలు పుడతాయి. అవి గట్టివి కావు, ఎప్పుడైనా పగలొచ్చు. అందుకే షుగరు వల్ల డయాలసిస్ దాకా వచ్చిన మనిషికి కంట్లో కూడా ఎంతో కొంత దెబ్బ ఉండే ఉంటుందని డాక్టర్లు అనుకుంటారు. డయాలసిస్ మొదలైన రోజుల్లో చూపు తగ్గితే నెపం మిషన్ మీద పడుతుంది. అసలు పని అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది.

అలాగని డయాలసిస్‌కూ కంటికీ సంబంధమే లేదని కాదు.

మొదటిది నీరు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున మిషన్ నీరు లాగుతుంది. మధ్య రోజుల్లో తాగింది, తిన్నది ఒంట్లోనే ఉండిపోతుంది. కాళ్లు ఉబ్బినట్టే రెటీనా నడిమి భాగం కూడా ఉబ్బి అక్షరాలు, మొహాలు మసకబారతాయి. నీరు సరిగా తీస్తే కొందరికి ఈ ఉబ్బు తగ్గి చూపు కాస్త తేటపడుతుంది, కొందరికి తగ్గదు. కాబట్టి డయాలసిస్సే కంటికి మందు అనుకుని కూర్చోవద్దు. నీరు తగ్గాలంటే ముందు ఉప్పు తగ్గాలి. ఉప్పు తింటే దాహం, దాహం వేస్తే నీళ్లు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ, ఎండుచేపలు, రూములో చేసుకునే ప్యాకెట్ నూడుల్స్, అన్నిటిలోనూ ఉప్పే. ఇంకో సంగతి. ఎండలో పనిచేసేవాళ్లకు సైట్‌లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతారు. పక్కవాడికి అది మంచిదే, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా తాగకూడదు.

రెండోది రక్తం గడ్డకట్టకుండా మిషన్‌లో ఇచ్చే హెపారిన్ మందు. దీనివల్ల కంట్లో రక్తస్రావం అవుతుందని చాలామంది భయం. పాడైన నాళం పగలడమే అసలు కారణం, హెపారిన్ ఇచ్చినంత మాత్రాన కన్ను పోదు. కానీ కంట్లో ఇప్పటికే తాజాగా రక్తం కారి ఉంటే, లేదా కంటి ఆపరేషన్ దగ్గర పడితే, సూది పెట్టకముందే నర్సుకు చెప్పండి. మందు తగ్గించి గానీ, అసలు లేకుండా గానీ డయాలసిస్ చేసే పద్ధతులున్నాయి. చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

మూడోది బీపీ పడిపోవడం. ఒకేసారి ఎక్కువ నీరు లాగితే బీపీ దిగుతుంది, కళ్లు తిరుగుతాయి, కాసేపు చీకట్లు కమ్ముతాయి. చాలావరకు అది సర్దుకుంటుంది. అరుదుగా కంటి నరానికి రక్తం అందక, ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోతుంది. సెషన్‌లో గానీ, మర్నాడు లేచాక గానీ ఒక కన్ను మసకగా అనిపిస్తే "అలసటలే" అని పడుకోవద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. గ్లకోమా ఉన్నవాళ్లకు డయాలసిస్ జరుగుతుండగా కంటిలో ప్రెషర్ పెరగొచ్చు. కంటినొప్పి, తలనొప్పి వస్తే అక్కడే చెప్పాలి.

కిడ్నీలు పాడయ్యాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. పాత డోసే వేసుకుంటే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, మసక చూపు వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. మూడు నెలల షుగరు పరీక్ష కూడా డయాలసిస్ వాళ్లలో, రక్తం తక్కువ కావడం వల్ల, ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. కాగితం మీద నంబరు బాగుందని కంటి పరీక్ష మానేయకండి. కళ్లజోడు కూడా షుగరు నిలకడగా ఉన్నప్పుడే రాయించుకోండి, లేదంటే రెండు వారాలకే ఆ అద్దాలు సరిపోవు, డబ్బు దండగ.

కంటి ముందు నల్లటి చుక్కలు, దారాలు, సాలెగూడులాంటివి తేలుతుంటే, లేదా తెర దించినట్టు ఒక పక్క కనిపించకపోతే, అది వెంటనే చూపించుకోవాల్సిన విషయం. ఇందులో నొప్పి ఉండదు, అందుకే మనవాళ్లు వాయిదా వేస్తారు. కన్ను ఎర్రబడి ఇసుక పడ్డట్టు గరగరలాడితే సైట్ దుమ్ము అనుకుంటాం. డయాలసిస్ వాళ్లలో కాల్షియం కంటి పైపొరలో పేరుకున్నా అలాగే ఉంటుంది.

వైద్యం ఉంది. కొత్త నాళాలను లేజర్‌తో ఎండగడతారు. ఉబ్బుకు కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు, సాధారణంగా ఒకటితో అయిపోదు. ఇంజెక్షన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరుగుతూ పోతే అది ఇన్ఫెక్షన్ కావొచ్చు, గంటలు కూడా ఆగొద్దు. పరీక్షకు వేసే చుక్కల మందుతో కొన్ని గంటలు చూపు మసకేస్తుంది. ఆ రోజు డ్రైవింగ్ చేయొద్దు, పరంజా ఎక్కొద్దు. అపాయింట్‌మెంట్ డయాలసిస్ లేని రోజున పెట్టించుకుంటే నయం.

ఇక పని సంగతి. జబ్బు బయటపడితే కఫీల్ పంపించేస్తాడని దాచేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ మసక చూపుతో పరంజా మీద నిలబడటం, వేడి నూనె దగ్గర వంట చేయడం అంతకన్నా ప్రమాదం. చట్టం ఏమిస్తుందో తెలుసుకోండి. సౌదీలో ఏడాదికి 30 రోజులు పూర్తి జీతంతో, తర్వాత 60 రోజులు ముప్పావు జీతంతో, ఆ పైన 30 రోజులు జీతం లేకుండా సిక్ లీవ్ ఉంది. ఆ సెలవులు అయిపోకముందు జబ్బు పేరుతో తీసేయకూడదు. యూఏఈలో ప్రొబేషన్ దాటాక 90 రోజులు: 15 పూర్తి జీతం, 30 సగం జీతం, మిగతావి జీతం లేనివి. జబ్బు సంగతి మూడు పనిదినాల్లోపు మెడికల్ రిపోర్టుతో కంపెనీకి తెలపాలి. యూఏఈలో ఇంటి పనివాళ్ల చట్టం వేరు, మొత్తం 30 రోజులు, అందులో 15కే జీతం. ఇన్సూరెన్స్ కట్టాల్సింది యజమానే, మీ జీతంలో కోయకూడదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు కొన్ని పాలసీల్లో గడువు ఉంటుంది, కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి డయాలసిస్, కంటి లేజర్ వస్తాయో లేదో అడగండి.

ఉన్నమాట చెప్పుకోవాలి. వారానికి మూడంటే ఏడాదికి 156 సెషన్లు. పై సెలవులేవీ దానికి చాలవు. సాయంత్రం షిఫ్ట్ డయాలసిస్ దొరికి, తేలిక పని ఇస్తే కొంతకాలం నడుస్తుంది. చాలామందికి ఊరు చేరడమే దారి. సెలవులన్నీ అయిపోయి తీసేసినా గ్రాట్యుటీ, బకాయిలు మీకు రావాల్సిందే, అవి తీసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. టికెట్‌కు కూడా దారి లేకపోతే ఇండియన్ ఎంబసీని అడగండి, కష్టంలో ఉన్నవాళ్ల కోసం వాళ్ల దగ్గర సంక్షేమ నిధి ఉంది.

విమానం ఎక్కేముందు రెండు జాగ్రత్తలు. కంటి ఆపరేషన్‌లో లోపల గ్యాస్ పెట్టి ఉంటే, అది పూర్తిగా కరిగిందని డాక్టర్ చెప్పేదాకా ఎక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి చూపు పూర్తిగా పోవచ్చు. రెండోది, డయాలసిస్ అయిన మర్నాడు ప్రయాణం పెట్టుకోండి, ఊళ్లో తర్వాతి సెషన్‌కు చోటు ముందే ఖాయం చేసుకోండి. అక్కడి సెంటర్ హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రిపోర్టులు అడుగుతుంది. వాటితో పాటు డయాలసిస్ చార్టు, ఇన్సులిన్ డోసు, కంటి స్కాన్లు తీసుకెళ్లండి. తెలంగాణలో, ఆంధ్రలో పేదలకు డయాలసిస్ ఉచితంగా చేస్తారు, డయాలసిస్ పేషెంట్లకు పెన్షన్ కూడా ఉంది. రేషన్ కార్డులో మీ పేరు ఇంకా ఉందో లేదో ఇంట్లోవాళ్లను ఇప్పుడే చూడమనండి. కళ్లకైతే హైదరాబాద్ మెహదీపట్నంలో సర్కారీ సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉంది. ఎల్వీ ప్రసాద్‌లో కూడా డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. ఎక్కడికెళ్లినా డయాలసిస్ ఏయే రోజుల్లో ఉందో ముందే చెప్పండి, లేజర్ తేదీ దాన్ని బట్టి ఇస్తారు.