ఇంటిలోని చెరువుగట్టు

కృత్తివెన్ను ప్రాంతమున రొయ్యల చెరువులు చేయుచున్న మా బావ, మేత చల్లించుటకై పగలును, ఏరేటర్లు తిరుగుచున్నవో లేదో చూచుటకై రాత్రియు గట్టువెంట తిరుగుటయే వృత్తిగాగల మనిషి. అట్టివానికి షుగరు వచ్చినదనియు, దినమునకు అరగంటయైనను నడువవలెననియు వైద్యుడు చెప్పగా విని మేమందరము నవ్వితిమి. ఆ గట్టుమీద అతడు కొంతకాలముగా మోటారు సైకిలుపైననే తిరుగుచున్నాడన్న రహస్యము వైద్యునికెట్లు తెలిసినదో నేటికిని బోధపడలేదు. షుగరు గలవారు దేశమున 10 కోట్లకు పైబడియున్నారని భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము 2023లో వెల్లడించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు విధించిన 150 నిమిషముల వారపు వ్యాయామమును ఆ కోట్లమందిలో ఎందరు పాటించుచున్నారో మన వీధులే చెప్పగలవు.

నడచుటకు చోటేది? వానకాలమున నల్లమట్టి గట్టు సబ్బువలె జారును. 216వ జాతీయ రహదారి నెక్కుదమన్న, తెల్లవారకమున్నే లారీలు దీపములతో కన్నులు మిరుమిట్లు గొలుపుచు మీదికి వచ్చును. మా చెల్లెలు ఆ వేళ ఒంటరిగా రోడ్డెక్కుటకు సాహసింపదు. కావున ఇంటిలోనే ట్రెడ్‌మిల్ పెట్టుకొందమని దంపతులు నిశ్చయించి, బెజవాడకు నన్ను తోడు రమ్మనిరి.

ఈ యంత్రము పూర్వచరిత్ర విన్నవానికి కొనబుద్ధి పుట్టదు. 1818 ప్రాంతమున విలియం క్యూబిట్ అను ఆంగ్లేయ ఇంజనీరు ఖైదీలచే తొక్కించుటకై మెట్లుగల పెద్ద చక్రమును కల్పింపగా, ఇంగ్లండు కారాగారములలో కఠినశిక్షగా అది ఆ శతాబ్దాంతము వరకు తిరిగినది. మన పొలములలో ఏతపు దూలముపై ముందునకు వెనుకకు నడచిన పాలేరును దినమెల్ల నడచి ఉన్నచోటనే యుండెడివాడు. కాని అతని నడకకు మడి తడిసెడిది. పిదప చక్రము పోయి కదలెడి పట్టా వచ్చినది, కారాగారము పోయి వైద్యశాల వచ్చినది. సియాటిల్ నగరపు హృద్రోగ నిపుణుడు రాబర్ట్ బ్రూస్ పేర ప్రసిద్ధమైన క్రమముననుసరించి, మూడేసి నిమిషములకొకమారు వేగమును ఎగుడును పెంచుచు, నేటికిని మన ఆసుపత్రులలో టి.ఎం.టి. పరీక్ష చేయుచున్నారు. 1968లో కెన్నెత్ కూపర్ అను వైద్యుడు ప్రకటించిన 'ఏరోబిక్స్' గ్రంథమును చదివి, విలియం స్టాబ్ అను అమెరికా ఇంజనీరు దీనికి గృహప్రవేశము చేయించినాడు.

బెజవాడ దుకాణములో విక్రేత, "ఇది నాలుగు హెచ్.పి. మోటారండీ, పరుగెత్తినా ఏం కాదు" అని వర్ణించుచుండగా, మా బావ యంత్రమును విడిచి, మోకాళ్లపై వంగి, గోడయొద్ద ప్లగ్గును పరీక్షించుచుండెను.

"నా చెరువులో ఏరేటరు రెండు హెచ్.పి. బావా! నాలుగంటే రెండు ఏరేటర్లు తిరగాలి. ఇంత సన్నటి వైరుతోనా?"

ఒక హార్స్‌పవరు 746 వాట్లు. నాలుగైనచో మూడు కిలోవాట్లకు చేరువ. 230 వోల్టులపై 13 ఆంపియర్లు లాగవలెను. ఆ ప్లగ్గు 6 ఆంపియర్లది. విక్రేత తల గోకికొని, నాలుగనునది 'పీక్' అంకె యనియు, మోటారు ఎడతెగక ఇయ్యగలది ఒకటిన్నరయే యనియు ఒప్పుకొనెను. పీక్ అనగా క్షణకాలపు విజృంభణము. 'కంటిన్యువస్' అని వ్రాసిన అంకెనే నమ్మవలెను. నడకకు ఒకటిన్నర నుండి రెండు చాలును, పరుగునకు రెండున్నరకు తగ్గరాదు. అదియుగాక స్థూలకాయులు మెల్లగా నడుచునపుడు భారము హెచ్చియు, మోటారు ఫ్యాను నెమ్మదిగా తిరిగియు వేడి పెరుగును గనుక, యంత్రము మోయునని చెప్పిన బరువు మన బరువుకంటె 20 కిలోలైన ఎక్కువగా నుండుట క్షేమము. పట్టా పొడవు నడకకు 48 అంగుళములు చాలును, పరుగునకు 55 కావలెను. వెడల్పు 18కి తగ్గరాదు. మోటారు లేని చవక రకములో పట్టాను కాళ్లతోనే త్రోయవలసియుండుటచే మోకాళ్లనొప్పులవారు దాని జోలికి పోరాదు. పాటలు, రంగుల తెరలు మొదలగు అలంకారములను గూర్చి నాకు చెప్పుటకేమియు లేదు.

బందరు మీదుగా తిరిగివచ్చుచు మా బావ కిలో తొక్కుడు లడ్డు కొనెను. రోకళ్లతో తొక్కినవారొకరు, తినువాడొకడు. ఆపైన తొక్కవలసినదియు తినువాడే!

ఉప్పుగాలికి కిటికీ చువ్వలే నిలువని ఊరిలో ఇనుపయంత్రమును సముద్రపుగాలి సోకు వసారాలో పెట్టుట పొరపాటు. గది లోపల, వెనుకవైపు రెండు మీటర్లు ఖాళీ విడిచి, ఎర్తు సరిగానున్న 16 ఆంపియర్ల సాకెట్టు చెంత నిలుపవలెను. వోల్టేజి నిలకడలేని పల్లెలలో స్టెబిలైజరు తప్పదు. పట్టా క్రింద వేయవలసినది సిలికాన్ నూనె. మా చెల్లెలు కొబ్బరినూనె సీసాతో సిద్ధముగా నుండగా వారించితిని. షుగరు గలవారు ఉత్తకాళ్లతో ఎక్కరాదు. దారముతో చొక్కాకు తగిలించుకొను ఎర్రని సేఫ్టీ కీ, కాలు జారినపుడు ఊడి, పట్టాను నిలిపివేయును. పిల్లలున్న ఇంట నడక ముగిసిన వెంటనే దానిని తీసి దాచవలెను.

నేనక్కడ నున్న మూడవనాడు, తెల్లవారుజామున నాలుగింటికి, మా బావ నడుచుచుండగనే పట్టా ఉన్నట్టుండి ఆగినది. కరెంటు పోయెను. చెరువునీటిలో ప్రాణవాయువు అడుగంటు వేళ అది, ఏరేటర్లును ఆగియుండును, జనరేటరు వేయకున్న రొయ్యలు తేలిపోవును. మోటారు సైకిలు తాళము వెదకుటకు వ్యవధిలేక అతడు ఆ బూట్లతోనే చీకటిలో గట్టుమీద పడి పరుగెత్తుచుండగా, చొక్కాకు సేఫ్టీ కీ ఇంకను వ్రేలాడుచుండెను.