జాయింటును దాచేయకండి: జంక్షన్ బాక్స్ కథ

ఇంటి వైరింగ్‌లో తీగ నడిమధ్య పాడవడం అరుదు. ఇబ్బంది ఎక్కువగా మొదలయ్యేది రెండు తీగలు కలిసేచోట, అంటే జాయింటు దగ్గర. ఆ జాయింటును భద్రంగా పెట్టే డబ్బాయే జంక్షన్ బాక్స్. అమెరికాలోని చెక్క ఇళ్లలో ఇలాంటి డబ్బాలు తరచూ పైకప్పు కింద, అటకలో కనిపిస్తాయి.

1882 సెప్టెంబరు 4న ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి చుట్టుపక్కల భవనాలకు కరెంటిచ్చాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అమెరికా ఇళ్లలో సాగింది ‘నాబ్ అండ్ ట్యూబ్’ వైరింగ్. దూలాల మీద పింగాణీ గుబ్బలు బిగించి, ఫేజు, న్యూట్రలు తీగలను ఎడంగా లాగేవారు. దూలాన్ని దాటించాల్సిన చోట రంధ్రంలో పింగాణీ గొట్టం దూర్చేవారు. జాయింటు వేయడానికి మంచి పనితనం కావాలి. రాగి మెరిసేదాకా గీకి, తీగలను బిగువుగా మెలేసి, టంకం పెట్టి, మీద రబ్బరు టేపు, దానిమీద గుడ్డ టేపు చుట్టేవారు. దానికి డబ్బా ఉండేది కాదు. పుట్టిన వేడి చుట్టూ ఉన్న గాలిలో కలిసిపోయేది. అటకెక్కి చూస్తే జాయింటు కంటికి కనబడేది.

తర్వాత తీగలన్నీ ఒకే తొడుగులో ఇమిడి కేబుల్ అయ్యాయి. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య ఉన్న ఎడం పోయింది. జాయింటు నిప్పురవ్వ రాల్చినా బయటి చెక్కకు అంటకుండా గట్టి గూడు అవసరమైంది. 1897లో మొదలైన అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఏళ్ల తరబడి సవరణలు పొందుతూ, జాయింటు మూత ఉన్న డబ్బాలోనే ఉండాలన్న సాధారణ నియమానికి చేరింది. ఈలోగా కెనడాలో స్థిరపడిన స్కాట్లాండ్ వాసి విలియం మార్ 1914లో టంకం అక్కర్లేని కనెక్టరును రూపొందించాడు. ఇవాళ తీగల కొసలకు తిప్పి బిగించే ప్లాస్టిక్ టోపీలు ఆ ఆలోచన నుంచి ఎదిగినవే.

డబ్బాలో ఎన్ని తీగలు పట్టాలన్నదానికీ లెక్కుంది. 4 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల లోతు ఉన్న ఎనిమిది పలకల డబ్బాలో చోటు 15.5 ఘనపు అంగుళాలు. 14 గేజి తీగ ఒక్కొక్కదానికి 2 ఘనపు అంగుళాలు కేటాయించాలి. రెండు తీగల కేబుళ్లు మూడు వస్తే ఆరు తీగలు, ఎర్త్ తీగలన్నీ కలిపి ఒకటి, లోపలి క్లాంపులకు మరొకటి, మొత్తం ఎనిమిది లెక్కలు. అంటే 16 ఘనపు అంగుళాలు. అర ఘనపు అంగుళం తేడాతో ఆ డబ్బా పనికిరాదు. కుక్కి కుక్కి మూత వేస్తే తీగలు నలుగుతాయి, లోపల వేడి పెరుగుతుంది.

ఇంత కట్టుదిట్టం చేసినా జాయింటు శాశ్వతం కాదు. అటక వేసవిలో మాడిపోతుంది, చలికాలంలో గడ్డకడుతుంది. లోహం సాగుతూ ముడుచుకుంటూ పట్టు వదులుతుంది, పైన ఆక్సైడు పొర కడుతుంది. వదులైనచోట 0.1 ఓమ్ నిరోధం చేరి, 15 ఆంపియర్ల కరెంటు పారిందనుకోండి. వర్గం కట్టి నిరోధంతో గుణిస్తే 22.5 వాట్ల వేడి, అదంతా వేలికొనంత చోట! మామూలు బ్రేకరుకు ఇది తెలియదు. అది కనిపెట్టేది పరిమితికి మించిన కరెంటును. ఇక్కడ కరెంటు పెరగనే లేదు. 1965–1973 మధ్య చాలా అమెరికా ఇళ్లలో వేసిన అల్యూమినియం తీగలు ఈ పాఠాన్ని గట్టిగా నేర్పాయి. 1972కు ముందు ఆ తీగలు వేసిన ఇళ్లలో జాయింట్లు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి తీగల ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతోంది.

అందుకే గోడనో పైకప్పునో పగలగొట్టకుండా చెయ్యి డబ్బాను చేరాలని కోడ్ పట్టుబడుతుంది. డబ్బా మీద జిప్సం బోర్డు కొట్టేయడం, చెక్క నేల పరిచి మేకులు దిగ్గొట్టడం తప్పు. వేడి, చలి ఆపేందుకు అటకలో ఊది నింపే ఇన్సులేషన్ పోగులను పక్కకు తోయొచ్చు కాబట్టి సాధారణంగా అది తప్పు కాదు. కానీ అడుగు లోతున పూడిపోయిన డబ్బాను పదేళ్ల తర్వాత వెతకడం ఎవరితరం?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొంటున్న తెలుగువారు అటక తనిఖీ తప్పక చేయించుకోండి. ప్రతి డబ్బాకూ మూత ఉందా, కేబుల్ బిగుతుగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఇన్సులేషన్ నింపేముందు ప్రతి డబ్బా దగ్గర పొడవాటి పుల్లకు రంగు జెండా కట్టించండి, ఫొటోలు తీసి ఇంటి కాగితాలతో దాచండి. హైదరాబాద్, విజయవాడల్లో ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నవారికీ ఇదే మాట: లోపల జాయింట్లు ఉన్నచోట తెరిచే తలుపు ఒకటి పెట్టించండి. ఆ చిన్న తలుపుకయ్యే ఖర్చు, సీలింగు పగలగొట్టి మళ్లీ వేయించే ఖర్చు ముందు చాలా తక్కువ.