పెట్టె మీది దీపాలు ఏం చెబుతాయి?

పుత్తూరు పేరు చెప్పగానే ఎవరికైనా ఎముకల కట్టే గుర్తుకు వస్తుంది. చెయ్యి విరిగినవాడు రాగానే ఎవరూ గబగబా కట్టు కట్టేయరు. ముందు వేళ్ళతో తడిమి, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుసుకుంటారు. కానీ పలకని మైకు సెట్టు దగ్గర మనకు అంత ఓపిక ఉండదు. చేతికందిన నాబునల్లా తిప్పేస్తాం!

ఒకసారి ఊహించుకోండి. పుత్తూరులో మీ పాఠశాల. ఆగస్టు 15. జెండా ఎగిరింది. ప్రధానోపాధ్యాయులు మైకు ముందు నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి గాని మాట వినబడడం లేదు. యాంప్లిఫయరు దగ్గర ఉన్నది మీరే. వాల్యూము నాబును చివరిదాకా తిప్పారు. ఊహూఁ, లాభం లేదు. ఇంతలో పక్కనున్న మిత్రుడు ఏదో మీట నొక్కాడు. అంతే! కర్ణకఠోరమైన కూత. స్పీకరు పక్కన కూర్చున్న చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు. అంత పెద్ద ధ్వని చెవికి హాని చేస్తుంది. స్పీకరు లోపలి తీగచుట్ట కాలిపోయినా ఆశ్చర్యం లేదు. నిజానికి మిత్రుడు నొక్కినది 'మ్యూట్' మీట. దాని పక్కన ఎర్రదీపం మొదటినుంచీ వెలుగుతూనే ఉంది. ఎవరూ చూడలేదు.

ఈ బుల్లి దీపాలను ఎల్.ఇ.డి.లు అంటారు. కంటికి కనబడే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. కాంతివంతమైన నీలం రంగు రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ పని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి లభించింది.

సరే, అసలు విషయానికి వద్దాం. పాత పద్ధతిలో ధ్వని తీగ వెంట విద్యుత్తు హెచ్చుతగ్గులుగా ప్రయాణిస్తుంది. రేణిగుంట - అరక్కోణం మార్గంలోని మన పుత్తూరు స్టేషనులాంటి చోట ప్లాట్‌ఫారాలు పొడవుగా ఉంటాయి కదా! అలాంటి చోట్ల తీగలో నష్టం తగ్గించడానికి 100 వోల్టుల లైను వేసి, ప్రతి స్పీకరు దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం అలవాటు. కొత్త పద్ధతి వేరు. ఇందులో ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 24 బిట్ల అంకెగా రాస్తారు. ఒక్క మైకుకే సెకనుకు 11,52,000 బిట్లు! వీటిని కంప్యూటర్లను కలిపే తీగలోనే పంపుతారు. 2013లో వెలువడిన ఏ.ఇ.ఎస్.67 అనే ప్రమాణం ప్రకారం సాధారణంగా 48 కొలతలను ఒక పొట్లం కడతారు. అంటే సెకనుకు వెయ్యి పొట్లాలన్నమాట.

తీగ దూర్చే రంధ్రం దగ్గర మిణుకుమిణుకుమనే దీపాన్ని చూశారా? పొట్లాలు వచ్చిపోతున్నాయని అది చెబుతుంది. అయితే సెకనుకు వెయ్యిసార్లు మిణుకుమంటే మన కంటికి అది నిలకడగా వెలిగినట్టే కనబడుతుంది. అందుకని పరికరం కావాలనే నెమ్మదిగా ఆర్పి వెలిగిస్తుంది. ఆ పక్కనే నిలకడగా వెలిగేది 'లింక్' దీపం. తీగ రెండు కొసలా ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని మాత్రమే దాని అర్థం. మీ మైకు మాట అందులో వెళుతోందని కాదు సుమా! ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె ఉంటే, పెద్దలను అడిగి, దాని తీగ ఒకటి ఊడదీసి మళ్ళీ పెట్టి చూడండి. లింక్ దీపం తిరిగి వెలగడానికి కొద్ది క్షణాలు పడుతుంది. ఎంత వేగంతో మాట్లాడుకోవాలో రెండు పరికరాలూ ఆ వ్యవధిలో ఒప్పందం చేసుకుంటాయి.

ఇంకొక దీపం ఉంది, 'సింక్' అని. నాకు ఇదంటే ప్రత్యేకమైన ఇష్టం. ప్రతి పెట్టెలోనూ క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే గడియారం ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. లక్షకు 5 వంతుల తేడా ఉందనుకుందాం. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. సెకనుకు 2.4 కొలతల తేడా. గంటకు 8,640! పంపేవాడు ఎక్కువ పంపుతాడు, పుచ్చుకునేవాడు ఆ వేగం అందుకోలేడు. ఫలితం, స్పీకరులో టపటపమని చప్పుడు. భజనలో అందరి చేతుల్లోనూ తాళాలుంటాయి, కానీ నడక మాత్రం గురువుది. ఇక్కడా అంతే. ఒక పెట్టె గడియారాన్ని గురువుగా పెట్టుకుని మిగతావి సర్దుకుంటాయి. చాలా పరికరాల్లో సర్దుకునేటప్పుడు ఈ దీపం మిణుకుమంటుంది, కుదిరాక నిలిచి వెలుగుతుంది.

ఇక 'క్లిప్' అనే ఎర్రదీపం. 24 బిట్లతో రాయగలిగిన అతిపెద్ద అంకె 83,88,607. ధ్వని అంతకు మించితే పైభాగం కత్తిరించినట్టు పోతుంది. గొంతు గరగరలాడుతుంది. మీటరు మీద పై అంచు 0, కింద -6, -12, -18 అని రుణసంఖ్యలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా? 0 అంటే నిశ్శబ్దం కాదు, హద్దు. అలల ఎత్తు సగమైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఎర్రదీపం వెలిగితే తగ్గించవలసింది మైకు తీగ వచ్చే చోట ఉన్న 'గెయిన్' నాబును. చివరి వాల్యూము తగ్గిస్తే చెడిన ధ్వనే మెల్లగా వినబడుతుంది, అంతే!

రంగులకు అన్ని పెట్టెల మీదా ఒకే అర్థం లేదు. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా కనబడని కళ్ళు కొందరికి ఉంటాయి. తయారీదారులు ఈ సంగతి మరచిపోతుంటారు. కాబట్టి రంగుతోపాటు దీపం పక్కన రాసిన పేరు కూడా చదవాలి. పెట్టె మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఇప్పుడు మళ్ళీ ఆగస్టు 15కు వెళదాం. మాట వినబడలేదు. వాల్యూము పూర్తిగా తగ్గించండి. మైకు వైపునుంచి మొదలుపెట్టండి. మాట్లాడుతుంటే 'సిగ్నల్' దీపం వెలుగుతోందా? వెలుగుతోంది, మైకూ దాని తీగా బాగున్నాయి. లింక్ ఉందా? ఉంది. సింక్ నిలిచి ఉందా? ఉంది. మ్యూట్? అదిగో, ఎర్రగా వెలుగుతోంది! మీట నొక్కండి, దీపం ఆరింది. ఇక వాల్యూమును కొంచెం కొంచెంగా పెంచండి, వెనక వరుసలోని మిత్రుడు చెయ్యెత్తేదాకా.