పల్లె విడిచిన చైనా వనిత

చైనాదేశపు పల్లెపడుచులు పట్టణములకు పోవుటకు పేదరికమొక్కటే కారణము కాదు. వివాహానంతరము స్త్రీ భర్త గ్రామమునకు తరలుట అచటి ఆచారము. పుట్టినూర ఆమె భూమివాటా నిలుచునను నమ్మకము లేదు, మెట్టినూర వెంటనే దొరకునను నమ్మకమును లేదు. 1980లో షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలమైన పిమ్మట అచటి కర్మాగారములు కన్నెపిల్లలను విరివిగా చేర్చుకొన్నవి. స్వార్జితము చేతికందగా పెండ్లిమాటలలో వారి ఇష్టమునకు విలువ హెచ్చినది.

అయినను 1958 నాటి ‘హుకౌ’ నివాస నమోదు విధానమున పల్లెవారికి పట్టణపు బడి, వసతి సులభముగా దక్కెడివి కావు. 1998 వరకు బిడ్డకు తల్లి నమోదే సంక్రమించెడిది. అందుచేతను తల్లులైనవారు పలువురు ఊరికి మరలిరి. 2002 నాటి భూమి ఒడంబడిక చట్టము, మెట్టినూర భూమి దొరకనిదే పుట్టినూరి వాటా తీసికొనరాదన్నది. ఎందరు వలసపోయిరనుటకంటె, నిలువగోరినచోట నిలిచెడి హక్కు ఎందరికి దక్కినదనునదే ముఖ్యము.